కూడబలుక్కునే వయసు దాటాక



తొమ్మిదో తరగతి కుర్రాడొకణ్ని ఊహించుకోండి. నూనూగు మీసాలొస్తున్నాయి. ట్రాక్టరు తోలగలడు. ఇంట్లో ఫోను మొరాయిస్తే అందరూ వాడి చేతికే ఇస్తారు. ఏ జట్టు సెమీస్‌కి వెళ్లాలంటే ఎవరు ఎవరి మీద ఎంత తేడాతో గెలవాలో నోటిలెక్కన చెప్పేస్తాడు. అలాంటివాణ్ని లేపి, తెలుగు వాచకంలో ఒక పేరా చదవరా అంటే గొంతు పడిపోతుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటాడు. ఒత్తు దగ్గర ఆగుతాడు, దీర్ఘం మింగేస్తాడు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమంటారు. "పొద్దుట్నుంచి తలనొప్పి సార్" అని కూర్చుండిపోతాడు. చాలాకాలం తెలుగు మాష్టారిగా పనిచేసినవాణ్ని కనుక ఈ తలనొప్పులన్నీ నాకు బాగా పరిచయం.

ఇలాంటివాళ్లు ఎక్కడో ఒకరిద్దరుంటారని అనుకుంటాం. కానీ 2023లో పిల్లల చదువును కొలిచే 'అసర్' సర్వేవాళ్లు 26 రాష్ట్రాల్లో 28 జిల్లాల పల్లెల్లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లల దగ్గరికి వెళ్లారు. దాదాపు నాలుగోవంతు మంది తమ సొంత భాషలో, రెండో తరగతి స్థాయి పాఠాన్ని ధారాళంగా చదవలేకపోయారు. వీళ్లంతా బడి మొహం చూడనివాళ్లు కారు. ఆ వయసు పిల్లల్లో నూటికి 86 మందికి పైగా ఏదో ఒక బడిలోనో కాలేజీలోనో పేరున్నవాళ్లే. దాదాపు 90 మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. బడికి వెళ్తున్నారు, పై తరగతికి వెళ్తున్నారు, చదవడం మాత్రం రెండో తరగతి దగ్గరే ఆగిపోయింది.

అప్పుడు మనం ఏం చేస్తాం? మంచి మనసుతోనే చేస్తాం, అదే చిక్కు. వెతికి వెతికి ఒకటో తరగతి పుస్తకం తెచ్చి పెడతాం. కాకి, కుండ, గులకరాళ్లు. ఉడతమ్మ, చిలకమ్మ. అక్షరాలు పెద్దవి, వాక్యాలు చిన్నవి, వాడు చదవగలడు కూడా. కానీ చదవడు. "ఇది చిన్నపిల్లలది సార్" అంటాడు. అనకపోతే అట్ట కనబడకుండా మరో పుస్తకం కింద దాస్తాడు. వాళ్ల చెల్లెలు ఒకటో తరగతిలో అదే పుస్తకం చదువుతోంది మరి. మీసాలొచ్చే వయసులో ఉడతమ్మ పుస్తకంతో పట్టుబడటం కంటే చదువు రానివాడనిపించుకోవడమే వాడికి నయం.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇంతే. మాట సులువుగా ఉండాలి, సంగతి మాత్రం వాడి వయసుది అయి ఉండాలి. ఈ రెండూ ఒకే పుస్తకంలో కలవడం మన దగ్గర చాలా అరుదు. సులువైన పుస్తకాలన్నీ పసిపిల్లలవి. వయసుకు తగిన పుస్తకాలన్నీ కొరకరాని కొయ్యలు. ఈ మధ్యలో ఉన్నవాడి చేతికి ఏమీ దొరకదు.

ముందు కష్టం ఎక్కడుందో చూద్దాం. తెలుగు ఎలా పలుకుతామో అలాగే రాస్తాం, ఇందులో తప్పు చదవడానికి ఏముందని పెద్దవాళ్లు అంటుంటారు. అది గడగడా చదివేవాళ్ల మాట. ఈ వాక్యం వినండి. పాఠాల్లో ఇలాంటివి కోకొల్లలు కాబట్టి నేనే అల్లాను: "గ్రామప్రజలందరూ ఏకాభిప్రాయానికి వచ్చినప్పటికీ సర్పంచి అనుమతి లభించకపోవడంతో చెరువు మరమ్మతు పనులు ప్రారంభించలేకపోయారు." విన్నప్పుడు మీకేమీ ఇబ్బంది లేదు. కూడబలుక్కునేవాడి వైపు నుంచి చూడండి. "గ్రామప్రజలందరూ" అనేది వాడికి ఒక మాట కాదు, మూడు మాటలు అతుక్కుపోయిన ఒక గొలుసు. దాన్ని ఎక్కడ విప్పాలో వాడికి తెలియదు. "ఏకాభిప్రాయానికి" దగ్గర ఒకసారి, "వచ్చినప్పటికీ" దగ్గర మరోసారి నడక ఆగుతుంది. ఇంతా చేస్తే ఎవరు ఏం చేశారన్నది వాక్యం చిట్టచివర గానీ తేలదు, మన క్రియ ఎప్పుడూ చివరికే కదా వచ్చేది. వాడు అక్కడికి చేరేసరికి మొదట్లో ఉన్న గ్రామప్రజలు ఎప్పుడో జారిపోయారు. చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే, ఎంత చదివినా ఏమీ నిలవదు.

ఇప్పుడు అదే సంగతి ఇలా వినండి: "ఊరంతా ఒక్క మాట మీదికి వచ్చింది. సర్పంచి మాత్రం ఒప్పుకోలేదు. చెరువు పని ఆగిపోయింది." సంగతిలో ఏమీ తగ్గలేదు. ఊరి రాజకీయం అలాగే ఉంది. నన్నడిగితే ఇంకా కాస్త పదునెక్కింది. సులువుగా రాయడమంటే నీళ్లు కలపడమని మన పండితుల్లో ఒక అనుమానం ఉంది. గిడుగు రామమూర్తి పంతులుగారు నూరేళ్ల కిందటే ఈ అనుమానంతో పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న ఏటా తెలుగు భాషా దినోత్సవం చేసి, వేదిక మీద ఎవరికీ అర్థం కాని భాషలో ఆయన్ని పొగుడుతుంటాం.

భాష సంగతి అలా ఉంచి, అచ్చు సంగతి చూడండి. ద, ధ, థ అనే మూడక్షరాలు తీసుకోండి. 'ద'కు లోపల చుక్క పెడితే 'థ', కింద గీత పెడితే 'ధ'. చవక కాగితం మీద సిరా కాస్త ఎక్కువైతే ఆ చుక్క పూడిపోతుంది, మూడూ ఒకేలా కనిపిస్తాయి. ప, వ, ష ఒక కుటుంబం. మ, య మరో కుటుంబం. మనం మాట మొత్తాన్ని ఒక్క చూపులో పట్టేస్తాం కాబట్టి మనకు తేడా తెలియదు. కూడబలుక్కునేవాడు మాత్రం ప్రతి అక్షరం దగ్గరా మొహం దగ్గరికి తెచ్చుకుని చూస్తాడు. పైగా తెలుగు అక్షరానికి పైన గుడి, ఎత్వం, కింద ఒత్తు. వరసల మధ్య జాగా చాలకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుళ్లకు తగులుతాయి. పేజీలు మిగుల్చుకుందామని ప్రచురణకర్త వరసలు దగ్గరికి జరిపిన పుస్తకం ఇలాంటివాడికి ముళ్లకంపే. ఇంకొకటి కూడా ఉంది. వరస చివర చోటు చాలకపోతే మాటను ఎక్కడ పడితే అక్కడ విరిచేస్తాం, విరిచామని చెప్పే గీత కూడా పెట్టం. "ప్రారంభించలేక" ఒక వరసలో, "పోయారు" మరో వరసలో. ఎవరు పోయారని వాడి సందేహం. వాడు అడిగితే క్లాసంతా నవ్వుతుంది, కానీ వాడు అడిగింది న్యాయమే.

ఇవన్నీ పట్టించుకుని పుస్తకాలు వేసేవాళ్లు లోకంలో ఉన్నారు. స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరాలో 1998లో ఒక అత్తగారూ కోడలూ కలిసి బ్యారింగ్టన్ స్టోక్ అనే ప్రచురణ సంస్థ పెట్టారు. అత్తగారు పేషెన్స్ థామ్సన్, అక్షరాలు తడబడే డిస్లెక్సియా పిల్లల బడికి ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేసినావిడ. కోడలు లూసీ జ్యూక్స్‌ది పుస్తకాల రంగమే. అత్తాకోడళ్లు కలిసి చేసిన పనుల్లో ఇంత సఖ్యంగా సాగినవి తక్కువేనని నా నమ్మకం. కళ్లకు గుచ్చుకోని లేతరంగు కాగితం, ఒకదానితో ఒకటి కలవని అక్షరాలు, వరసల మధ్య ధారాళంగా జాగా, చిన్న చిన్న అధ్యాయాలు. రాసేవాళ్లు మాత్రం చేయి తిరిగినవాళ్లు. మైకేల్ మోర్‌పర్గో లాంటి పేరున్న రచయితలు రాశారు. ఒక్కో పుస్తకానికి రెండు వయసులు లెక్కేస్తారు. కథ ఏ వయసువాడికి నచ్చుతుంది అన్నది ఒకటి, ఏ వయసు చదువు వస్తే చదవగలడు అన్నది మరొకటి. పదమూడేళ్లవాడి కథ, ఎనిమిదేళ్లవాడి చదువు. చూడ్డానికి మాత్రం మామూలు నవలే. బస్సులో పట్టుకుని కూర్చుంటే పక్కవాడికి తెలియదు.

ఇలాంటి పుస్తకాలు చదువు రానివాళ్ల కోసం, సాహిత్యం వేరే అనేవాళ్లకు 2020లో జవాబు దొరికింది. ఆంథొనీ మెక్‌గోవన్ రాసిన 'లార్క్' అనే చిన్న నవలను బ్యారింగ్టన్ స్టోక్ వాళ్లే వేశారు. యార్క్‌షైర్ బీడుకొండల్లో సరదాగా నడవడానికి వెళ్లిన అన్నదమ్ములిద్దరు మంచులో చిక్కుకుపోతారు. ఇద్దరిలో కెన్నీకి చదువూ లోకజ్ఞానమూ అంతగా అబ్బవు, నికీయే చూసుకోవాలి. కథ ఇంతే. బ్రిటన్‌లో పిల్లల సాహిత్యానికి అన్నిటికంటే పెద్దదనుకునే కార్నెగీ పతకం ఆ ఏడు ఆ పుస్తకానికి వచ్చింది. కూడబలుక్కునేవాళ్ల కోసమని వేసిన పుస్తకం, గడగడా చదివేవాళ్ల పుస్తకాలన్నిటినీ దాటుకుని వెళ్లింది.

ఎక్కడి ఎడిన్‌బరా, ఎక్కడి మన ఊరు అనుకోకండి. దీనికి సాక్ష్యం మన నెల్లూరు జిల్లాలో ఉంది, అదీ బ్యారింగ్టన్ స్టోక్ పుట్టకముందే.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. పగలంతా కూలికి పోయివచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట లాంతరు చుట్టూ చేరి పలకలు పట్టారు. అప్పుడు వాచకాలు తయారుచేసినవాళ్లు ఒక తెలివైన పని చేశారు. ముప్పై, నలభై ఏళ్ల మనిషికి కుందేలు కథ పెట్టలేదు. 'సీతమ్మ కథ' అని ఒక పాఠం పెట్టారు. మొగుడి సారా తాగుడు వల్ల నాశనమైన కాపురం కథ. చిన్న మాటలు, చిన్న వాక్యాలు. సంగతి మాత్రం ఆ చదివేవాళ్లు రోజూ రాత్రి ఇంట్లో చూస్తున్నదే. ఒక్కో మాటా కూడబలుక్కుని చదివినవాళ్లు, చదివి ఊరుకోలేదు. మన ఊళ్లో సంగతేమిటని ఒకరినొకరు అడిగారు. దూబగుంట అనే పల్లె ఆడవాళ్లు తమ ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. తర్వాత ఆ దూబగుంట కథే 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠమై తర్వాతి వాచకంలోకి ఎక్కింది. దాన్ని చదివి పక్క ఊళ్లవాళ్లు లేచారు. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, రెండేళ్లకే దాన్ని సడలించారు, అది వేరే కథ.

ఉద్యమానికి కారణాలు చాలా ఉన్నాయి. పాఠం ఒక్కటే సర్కారును కదిలించిందని నేననను. నేను చూసేది ఒక్కటే. గుణింతం కూడా పూర్తిగా రాని మనిషి, తన బతుకు గురించి రాసి ఉందని తెలిస్తే ఎంత కష్టమైన మాటనైనా పట్టుదలగా విప్పుతుంది. 'సారా' అన్న మాటను ఆమె ఒక్కసారి చూస్తే మళ్లీ మరిచిపోలేదు. అదే తల్లికి ఉడతమ్మ కథ ఇచ్చి ఉంటే రెండో రాత్రికే లాంతరు దగ్గర ఎవరూ మిగిలేవారు కారు.

ఇంకాస్త వెనక్కి వెళ్దాం. మన పెద్దవాళ్లలో చాలామందికి చదవడం బడిలో అబ్బలేదు, సినిమాహాలు దగ్గర అబ్బింది. గుర్తుందా పాటల పుస్తకం? ఇంటర్వెల్లో అమ్మేవారు. నాలుగు ఆకుల పుస్తకం, ముందు సగం కథ, సరిగ్గా రసవత్తరమైన చోట ఆపేసి మిగతాది వెండితెర మీద చూసుకోమనేవారు. తర్వాత పాటలు. పాట అప్పటికే నోటికి వచ్చేసి ఉంటుంది. కాబట్టి నోరు ముందు నడుస్తుంది, కన్ను దాని వెనక వెళ్తుంది. ఒక్కో వరసలో నాలుగైదు మాటలకు మించి ఉండవు. పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది. చదవడం నేర్పే పుస్తకం ఎలా ఉండాలని ఇవాళ నిపుణులు చెప్తున్నారో, సరిగ్గా అలాగే ఉండేది ఆ పాటల పుస్తకం. దాన్ని అచ్చేసినవాడికి ఆ సంగతి తెలియదు పాపం.

ఆ సంగతి కనిపెట్టినాయన ఒకరున్నారు. అహ్మదాబాదు ఐఐఎంలో ఆచార్యుడిగా పనిచేసిన బ్రిజ్ కొఠారి. టీవీలో సినిమాపాట వస్తున్నప్పుడు ఆ పాట మాటలే, అదే భాషలో, తెర కింద వేస్తే చూసేవాళ్లకు తెలియకుండానే చదువు మెరుగవుతుందని 1996లో ఆయనకు తోచింది. కొన్నేళ్లకు దూరదర్శన్ పాటల కార్యక్రమం 'చిత్రహార్'లో అలా వేయించారు కూడా. ఇవాళ యూట్యూబ్‌లో పాటల కింద మాటలు కనబడుతుంటాయి. చదవలేని కుర్రాడు ఇంట్లో ఉంటే, పాటలు వినొద్దని కసిరే బదులు మాటలు కనబడే పాట పెట్టుకోమనండి. అక్షరదోషాలు ఉంటాయి, ఉండనివ్వండి. దోషం పట్టుకున్నాడంటే చదివాడనే కదా.

'చందమామ' సంగతి చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు. 1947 జూలైలో మొదలైంది. 1952 నుంచి 1980 దాకా కొడవటిగంటి కుటుంబరావుగారు దాన్ని నడిపారు. ఆయన రాయించిన వచనం చూడండి. ఒక్క వాక్యం కూడా దారి తప్పదు. రాజు, మంత్రి, దొంగ, ఎవరు మాట్లాడినా తేట తెలుగే. ప్రతి పుటలో బొమ్మ. బొమ్మ చూస్తే సగం కథ తెలుస్తుంది, మిగతా సగం కోసం చదవక తప్పదు. దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియల్ నెలనెలా ఎక్కడో లోయ అంచున హీరోను నిలబెట్టి ఆగిపోయేది. చిన్నపిల్లల పత్రిక అని పేరే గానీ ఇంట్లో ముందు తాతగారు చదివి, ఆ తర్వాత పిల్లలకిచ్చేవారు. మీసాలున్నవాడు చందమామ పట్టుకుంటే ఎవరూ నవ్వలేదు. ఆ గౌరవం దానికుండేది.

ఇక డిటెక్టివ్ నవలలు. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్, మధుబాబుగారి షాడో. అద్దె పుస్తకాల షాపులో రోజుకింత అని తెచ్చుకుని, రాత్రికి రాత్రి పూర్తిచేసి పొద్దున్నే ఇచ్చేయాలి, లేకపోతే ఇంకో రోజు అద్దె పడుతుంది. వేగంగా చదవడం నేర్పడానికి ఇంతకంటే మంచి పథకం ఏ విద్యాశాఖా కనిపెట్టలేదు. వాచకం మధ్యలో షాడో పెట్టుకుని చదివినందుకు మా తరంలో ఎంతమంది గోడకుర్చీ వేశారో లెక్కలేదు. వాళ్లలో చాలామంది తర్వాత పెద్ద పుస్తకాలు చదివారు, కొందరు రాశారు కూడా. ఆ షాపులు మూతపడ్డాయి. చందమామా ఆగిపోయింది. వాటి చోటులోకి ఫోను వచ్చింది, పుస్తకం రాలేదు.

మరి ఇప్పుడు ఏం ఇవ్వొచ్చని మీరడుగుతారు. అచ్చంగా వీళ్ల కోసమే రాసినవి తెలుగులో చాలా తక్కువ. ఉన్నవాటిలోంచి ఏరుకోవాలి.

నేనైతే ముందు 'రైలుబడి' ఇస్తాను. జపాన్‌లో తెత్సుకో కురొయనాగి తన చిన్నప్పటి బడి గురించి రాసిన 'తొత్తోచాన్'కి తెలుగు. ఒక బడిలోంచి పంపించేసిన పిల్ల, పాత రైలుపెట్టెల్లో నడిచే మరో బడిలో చేరుతుంది. రెండు మూడు పుటలకో అధ్యాయం, దేనికదే పూర్తి. ఒక అధ్యాయం చదివినవాడు ఒక కథ పూర్తిచేసినట్టే. చదవలేనివాడికి అన్నిటికంటే పెద్ద కొరత పూర్తిచేశాననే తృప్తి, అది వాడికి ఎప్పుడూ దక్కలేదు. పైగా బడిలోంచి పంపించేసిన పిల్ల కథ కాబట్టి వాడికి ఎక్కడో తగులుతుంది.

కాస్త సాగాక సహవాసిగారి 'ఏడుతరాలు'. అలెక్స్ హేలీ 'రూట్స్' ఇంగ్లీషులో ఇటుకంత లావు. సహవాసిగారు దాన్ని బాగా కుదించి, తెలుగులో నీటివాలుగా సాగేలా రాశారు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. కుంటా కింటేను పట్టుకుపోయే దగ్గరికి వచ్చాక పుస్తకం మూసినవాణ్ని నేను చూడలేదు. పెద్ద పుస్తకాన్ని చిన్నది చేయడం తక్కువ పని అనుకునేవాళ్లు దీన్ని ఒకసారి చూడాలి. ఇలాగే మొక్కపాటివారి 'బారిష్టర్ పార్వతీశం'ను ఎవరైనా కుదిస్తే బాగుండు. కథ ఈ వయసు పిల్లలకు పడీపడీ నవ్వొచ్చేదే, వాక్యాలు మాత్రం వాళ్ల చేతికి అందవు.

ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు', నామిని 'మిట్టూరోడి కథలు' గురించి ఒక హెచ్చరిక చేయాలి. ఇద్దరివీ వాళ్ల వాళ్ల ఊళ్ల భాషలు. కావలి పిల్లాడికి ఒకటి, చిత్తూరు పిల్లాడికి మరొకటి సొంత నోటిమాటలా వినిపిస్తుంది. కానీ కూడబలుక్కునేవాడు పాఠంలో చూసిన మాట ఇక్కడ మరో రూపంలో కనబడేసరికి తానే తప్పు చదివాననుకుంటాడు. అందుకని వీటిని ముందు పెద్దవాళ్లు పైకి చదివి వినిపించాలి. ఆ గొంతు చెవిలో పడ్డాక పుస్తకం వాడే లాక్కుంటాడు. హైదరాబాదులోని అన్వేషి సంస్థ 2008లో 'డిఫరెంట్ టేల్స్' పేరుతో తెలుగు, మలయాళం, ఇంగ్లీషు భాషల్లో తెచ్చిన కథలూ ఇలాంటివే. గోగు శ్యామల, జూపాక సుభద్ర, ఖదీర్‌బాబు వంటివాళ్లు రాశారు. వాచకంలో ఎప్పుడూ కనబడని ఇళ్లూ వాడలూ వాటిలో ఉంటాయి.

డబ్బు పెట్టకుండా కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ ఉంది. 2015 నుంచి నడుస్తోంది, తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, నాలుగు స్థాయిలుగా విడదీశారు. మంచి పని, సందేహం లేదు. కానీ మొదటి స్థాయి కథలు ఎక్కువగా పసివాళ్లవే, మనవాడు అట్ట చూసే వెనక్కిస్తాడు. అక్కడ కథల జోలికి పోకుండా సైన్సు, జంతువులు, మనుషుల జీవితాలు ఏరి ఇవ్వండి. తిమింగలం ఎంత పొడుగుంటుందన్న సంగతికి వయసు లేదు. అలాగే తెలుగులో వచ్చిన అమర్ చిత్ర కథలు. బొమ్మల పుస్తకం చదువు కాదనే మాష్టార్లు ఇంకా ఉన్నారు. బుడగలో మూడు మాటలుంటే ఆ మూడూ చదివాడు కదా, దాంతో మనకేం పేచీ?

అయినా ఏరుకోవడంతో ఎన్నాళ్లు? రాయాలి. మన రచయితలు కొత్తగా రాయాలి. ఎలా ఉంటుందో నాకు తోచింది ఒకటి వినిపిస్తాను, ఒక నవలకు మొదటి పుట అనుకోండి:

"రాత్రి రెండు అయింది. ఊళ్లోకి బోరు లారీ వచ్చింది. నాన్న లేచాడు. అమ్మ లేవలేదు. 'అప్పు ఎంత?' అని అడిగింది, కళ్లు తెరవకుండానే."

ఇందులో ఒత్తులు చాలావరకు నాన్న, అమ్మ, అప్పు లాంటివే. ఒక అక్షరానికి మరో అక్షరం ఒత్తు తగిలిన మాటలు 'రాత్రి', 'ఊళ్లోకి', 'కళ్లు' మూడే, అవీ వాడు రోజూ అనే మాటలే. ఏ మాటా మరో మాటకు అతుక్కుని గొలుసు కాలేదు. ఇందులో ఉన్న సంగతి మాత్రం పసివాళ్లది కాదు. రాయలసీమలోనో నల్లగొండలోనో ఉన్న పద్నాలుగేళ్లవాడికి బోరు లారీ అంటే ఏమిటో, ఆ ప్రశ్న అమ్మ ఎందుకు అడిగిందో ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. నీళ్లు పడ్డాయా లేదా అన్నది తెలుసుకోవాలంటే పుట తిప్పాలి. గల్ఫ్‌కి వెళ్లిన నాన్న, హాస్టల్ నుంచి పారిపోయిన స్నేహితురాలు, కబడ్డీ జట్టు, ఫోన్లో మోసపోయిన అన్నయ్య, పదో తరగతి కాగానే తలెత్తే పెళ్లి మాట. కథలకేం కరువు లేదు. చేయి తిరిగినవాళ్లు ఇలా రాయడానికి కూర్చుంటే తెలుస్తుంది ఇది ఎంత కష్టమో. పెద్ద మాట వెనక దాక్కోవడానికి వీల్లేదు, వర్ణనతో పుట నింపడానికి వీల్లేదు.

కొనేదెవరు అని ప్రచురణకర్త అడుగుతాడు, అడగాలి కూడా. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఉంటుంది. 1960 నాటి చట్టం అది. ఆ డబ్బు గ్రంథాలయాల కోసమే, అందులో పుస్తకాలు కొనడమూ ఉంది. పోటీపరీక్షల పుస్తకాలు కొంటున్నారు, కొనాలి, వద్దనను. వాటితో పాటు ఇలాంటి పుస్తకాలూ కొన్ని కొనమని జిల్లా గ్రంథాలయ సంస్థను అడగొచ్చు. ఒక్క మాట మాత్రం మరవొద్దు. వాటికి వేరే అర ఇచ్చి, దాని మీద 'చదువులో వెనకబడినవారికి' అని చీటీ అంటించారో, దాని దగ్గరికి పిట్ట కూడా రాదు. మామూలు నవలల మధ్యే కలిపి పెట్టండి. లైబ్రేరియన్‌కి తెలిస్తే చాలు.

ఇళ్లలో వింటున్నవాళ్లకు నాలుగు మాటలు. మీ పిల్లాడికో పిల్లకో చదవడం కష్టంగా ఉంటే బంధువుల ముందు పైకి చదివించకండి. చదివాక ప్రశ్నలు వేయకండి, నీతి అడగకండి. తప్పు చదివితే ప్రతి మాటా దిద్దకండి, అర్థం చెడినచోట మాత్రం మెల్లగా అందించండి. మొదటి అధ్యాయం మీరే చదివి, రసపట్టులో ఆపి, పుస్తకం మంచం మీద వదిలేసి వెళ్లండి. దాసరి సుబ్రహ్మణ్యంగారు నెలనెలా చేసింది అదే. అచ్చు అక్షరం చూసి చూసి ఇంకా తికమక తగ్గకపోతే, ముందు కళ్లు చూపించండి, తర్వాత డిస్లెక్సియా సంగతి తెలిసినవాళ్లకు చూపించండి. సోమరితనమని కొట్టకండి. రెండు పుటలు చదివి పుస్తకం నచ్చలేదన్నాడా, సంతోషించండి, నచ్చలేదని చెప్పడానికైనా చదివాడు. ఎందుకు పూర్తిచేయలేదని నిలదీయకుండా ఆ పుస్తకం తీసుకుని ఇంకొకటి ఇవ్వండి. అదీ నచ్చకపోతే మరొకటి.